తోకకు మొలిచిన తోక

సహకారం అనేది చాలా ప్రమాదకరమైన వస్తువు. దాన్ని మనుషుల చేతికి ఇవ్వకూడదు!

ఊరికే అనడం లేదు. మనుషుల చేతిలో ఉన్నంతకాలం అది ఎంత అధ్వానంగా ఉండేదో మీకు తెలియనిదా? ఒకరు ఫోన్ చేసేవారు. ఇంకొకరు ఎత్తేవారు. పని అయిపోయేది. ఒక రెఫరెన్స్ నంబరు లేదు, ఒక సంతకం లేదు, "మీ అభ్యర్థన మాకెంతో విలువైనది" అన్న ఒక్క మర్యాద మాట లేదు. ఇంతకంటే బాధ్యతారాహిత్యం ఉంటుందా?

అదృష్టం బాగుండి సైబర్ భద్రత చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌లో పేర్లమ్మే కంపెనీలు ఆ పేరు కొన్నవాడెవడో తెలుసుకోవాలంది. మోసం జరిగితే అందరూ ఒకరికొకరు సహకరించుకోవాలంది. ఆ రోజు నుంచి సహకారం మనుషుల చేతుల్లోంచి జారి క్షేమంగా ఫైళ్ళలోకి చేరింది. దీనివల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో తెలియాలంటే ఫిర్యాదులమ్మకు జరిగింది మీరు వినాలి.

ఫిర్యాదులమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఆమె పనిచేసేది ఒక పేర్లమ్మే కంపెనీలో. మీరు దుకాణానికో, సంగీతం క్లాసులకో వెబ్‌సైట్ పెట్టుకోవాలంటే ముందు దానికో పేరు కొనుక్కోవాలి కదా, ఆ డొమైన్ పేర్లు. మూడో అంతస్తులో అమ్మకాల హాలు ఉండేది. గాజు గోడలు, పూలకుండీలు, మంచి కాఫీ మెషిను, పేరు అమ్ముడైనప్పుడల్లా కొట్టడానికి ఒక ఇత్తడి గంట. ఆ హాలు దాటి, ప్రింటర్ పక్కనుంచి పక్కవాటుగా నడిచి, మెట్ల కింద తల వంచి లోపలికి వెళితే ఒక గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఈమె. అదే ఫిర్యాదుల విభాగం. మొత్తం విభాగం అదే!

ఎవడో ఒక బ్యాంకు పేరుకు ఒక అక్షరం తగిలించి కొని, జనం పాస్‌వర్డులు కాజేస్తుంటాడు. ఇంకెవడో లేని ఇళ్ళు అద్దెకిస్తుంటాడు. అలాంటివాళ్ళ మీద ఫిర్యాదులొస్తే ఈమె చూసి, మోసమని తేలితే ఆ పేరును ఆపాలి. పేరు ఇక్కడ కొన్నా, సైటు బతికేది మాత్రం వేరే కంపెనీ మెషిన్లలో. ఆ మెషిన్లను చూసుకునే పెద్దమనిషికి ఆమె పెట్టిన పేరు పీకుడు బాబాయ్.

"బాబాయ్, ఇది దొంగ సైటు, చూడండి" అనేది ఈమె.

అవతల మెషిన్ల హోరు. కాసేపు గొంతు సవరించుకోవడం. "నిజమేనమ్మా. వీడి దుంప తెగ! పీకేశా."

ఆమె కప్పులో టీ చల్లారకముందే పని అయిపోయేది. వరసకు ఆయన బాబాయీ కాదు, మామయ్యా కాదు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఫోనులో పుట్టి ఫోనులోనే పెరిగిన చుట్టరికం అది. ఎన్నేళ్ళు సాగిందో, ఎంతమంది ముసలివాళ్ళ పెన్షన్లు ఆ చుట్టరికం వల్ల మిగిలాయో లెక్కే లేదు. లెక్క లేకుండా మంచి పనులు చేయడం ఎంత తప్పో చూడండి!

చట్టం వచ్చింది. చట్టంతోపాటు కంపెనీలోకి క్లాజు గారు వచ్చారు.

ఆయన నిబంధనల అధికారి. నిజానికి మంచి మనిషి. గొంతు పెంచడు, అబద్ధం ఆడడు, లిఫ్టులో అందరినీ ముందు ఎక్కనిస్తాడు. నిద్రలో కూడా "పైన పేర్కొన్న" అంటాడని వాళ్ళావిడ ఎవరితోనో అన్నట్టు చెప్పుకునేవారు. ఆయన వచ్చిన వారమే ఫిర్యాదుల గదిలోని ఫోను వైరు ఊడదీయించారు.

"రికార్డు కాని సంభాషణ అనధికార మార్గం కిందికి వస్తుందమ్మా" అన్నారు ఎంతో దయగా. "ఇకమీదట సహకారమంతా పోర్టల్ ద్వారానే."

"అది కాదండీ, బాబాయ్‌కి ఒక్క మాట చెబితే..."

"బాబాయ్ అంటున్నారా? అది బంధుప్రీతి కిందికి కూడా రావచ్చు."

అవతల కంపెనీలో ఇంకో క్లాజు గారు చేరి ఉంటారు. అక్కడా ఫోను మూగబోయింది. పోర్టల్‌లో ఈమె పంపిన అభ్యర్థన ఆ కంపెనీ లాయరు దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి ఈ కంపెనీ లాయరు దగ్గరికి వచ్చి, మళ్ళీ ఈమె దగ్గరికే "దయచేసి తగిన విభాగాన్ని సంప్రదించండి" అని చేరేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఈలోగా దొంగ సైటు తన పని తాను చేసుకుపోయేది.

ఇక వెరిఫికేషన్! పేర్లు కొన్నవాళ్ళంతా తామెవరో రుజువు చేసుకోవాలని కంపెనీ మెయిళ్ళు పంపింది. ఊళ్ళో నిజాయితీపరులంతా టపటపా రాలిపోయారు. అల్లికలు నేర్పే ఒక బామ్మగారి సైటు ఆగిపోయింది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉందట. సైకిళ్ళు బాగుచేసే ఆయన సైటు ఆగిపోయింది, గుర్తింపు కార్డులో మీసం ఉంది, మొహం మీద లేదు. దొంగలు మాత్రం ఒక్కడంటే ఒక్కడు రాలలేదు. ఎందుకు రాలతారు? నిజాయితీపరుడికి పుట్టినతేదీ రెండుచోట్ల రెండు రకాలుగా ఉంటుంది. దొంగకు అన్నిచోట్లా ఒకటే! కాగితాలను అంత శుభ్రంగా పెట్టుకునేవాళ్ళను గౌరవించని సమాజం ఏం బాగుపడుతుంది చెప్పండి?

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా ఫిర్యాదులమ్మకు వాళ్ళక్క ఫోన్ చేసింది. సొంత అక్క, సొంత ఫోను, కాబట్టి నేరం కాదు.

అక్క కుక్కల డాక్టరు. పిల్లులనూ చూస్తుంది గానీ పిల్లులు ఆవిడను చూడవు. ఆవిడ క్లినిక్కు పేరు "తోక". బోర్డు మీద పైకి లేచిన ఒక తోక బొమ్మ, కింద ఫోను నంబరు, అంతే. వెబ్‌సైట్ పేరు కూడా అదే.

"ఏమే, నా పేరు పెట్టి ఎవడో పురుగుల మాత్రలు అమ్ముతున్నాడు, తెలుసా?"

"ఎక్కడక్కా?"

"మీ ఇంటర్నెట్టులో! మా తోకకు చివర ఇంకో అక్షరం తగిలించాడు. నా ఫొటో ఉంది, నా సర్టిఫికెట్ ఉంది, నా నవ్వు కూడా ఉంది. నువ్వు ముందు ఇక్కడికి రా."

ఫిర్యాదులమ్మ సాయంత్రం క్లినిక్కుకు వెళ్ళింది. బల్ల మీద ముదురు గోధుమరంగు కుక్క ఒకటి పక్కకు తిరిగి పడుకుని ఉంది. కాలికి సెలైన్. దాని తల తన అరచేతిలో పెట్టుకుని రిటైరైన రైల్వే గార్డు నిలబడి ఉన్నాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోవడం లేదు.

"మీ మొహం చూసే కొన్నానమ్మా" అంటున్నాడు డాక్టరుతో. కోపం అయిపోయి, కోపం ఉన్నచోట ఇంకేమీ మిగలని గొంతు అది. "ఇన్నేళ్ళుగా మీ దగ్గరికే వస్తున్నాం. మీ బొమ్మ ఉంటే ఇంకేం చూస్తాను?"

"అది నేను కాదండీ."

"మీరు కాదని నాకు ఇప్పుడు తెలిసింది. దీనికి ఎలా చెప్పను?"

డాక్టరు సెలైన్ చుక్కలను చూస్తూ నిలబడింది. చెల్లెలు అక్కను అలా చూడటం అదే మొదటిసారి. ఎంత పిచ్చి కుక్క ముందైనా వెనక్కి అడుగు వేయని మనిషి, ఆ ముసలాయన ముందు గోడకు ఆనుకుని నిలబడింది. కుక్క ఆ రాత్రి గట్టెక్కింది. అవే మాత్రలు మింగిన పక్కవీధి టీచరు గారి పిల్లి గట్టెక్కలేదు.

మర్నాడు ఫిర్యాదులమ్మ ఆఫీసులో ఆ దొంగ పేరు వివరాలు తెరిచింది. అమ్మింది తమ కంపెనీయే! యజమాని పేరున్న చోట వాళ్ళక్క పేరు, ఇంటిపేరుతో సహా. డిగ్రీ ఉంది. లైసెన్సు ఉంది. నమ్మకం కోసమని అక్క తన సైటులో పెట్టుకున్న సర్టిఫికెట్‌నే దొంగ దించుకుని పంపాడు. పక్కన పచ్చటి టిక్కు. వెరిఫికేషన్ సంపూర్ణం!

మరి అక్క అసలు సైటు? అది తెరిస్తే "ఈ పేరు తాత్కాలికంగా నిలిపివేయబడింది" అని వచ్చింది. కారణం: యజమాని గుర్తింపు రుజువు కాలేదు. యజమాని పేరు: బూచి.

బూచి వాళ్ళ కుక్క. పోయి చాలాకాలమైంది.

ఫిర్యాదులమ్మ వాళ్ళ బావకు ఫోన్ చేసింది. "బావా, సైటు నువ్వే కొన్నావు కదా? బూచి పేరు మీద కొనడమేంటి?"

బావ చాలాసేపు ఆలోచించాడు. "అందులో యజమాని పేరు అని అడిగాడు మరదలా. ఇంట్లో యజమాని ఎవరా అని చూశాను. నేను కాదు, అది నాకు పెళ్ళైన వారానికే తెలిసింది. మీ అక్క అందామంటే ఆవిడ కూడా ఎవరో ఒకరి మాట వింటుంది కదా. ఆ ఎవరో ఒకరు బూచి. లోకంలో నేను నింపిన ఫారాల్లో నిజం రాసింది అదొక్కటే."

అంటే పరిస్థితి ఇది: నిజం రాసినవాళ్ళ సైటు మూతపడింది, అబద్ధం రాసినవాడి సైటుకు పచ్చ టిక్కు పడింది. ఎంత చక్కటి వడపోత!

ఆమె పరుగున క్లాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పెన్సిలు చెక్కుకుంటున్నారు. అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"చాలా బాధాకరం" అన్నారు చివర్లో. "కానీ బాధితురాలు మీ అక్కగారు. కాబట్టి ఈ ఫిర్యాదు మీరు చూడకూడదు."

"మరెవరు చూడాలండీ?"

"ఫిర్యాదుల విభాగం."

"విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే కదండీ!"

"అందుకే ఎవరూ చూడకపోవడమే నిష్పాక్షికంగా ఉంటుంది."

"సరే, మా అక్కే స్వయంగా పెడుతుంది ఫిర్యాదు."

"పెట్టవచ్చు. కాకపోతే రికార్డు ప్రకారం ఆ సైటు యజమాని కూడా ఆవిడే. తన మీద తానే ఫిర్యాదు చేసుకుంటున్నారు." ఆయన పెన్సిలు మొన చూసుకున్నారు. "ఇలాంటి కుటుంబ సమస్యల్లో కంపెనీ తలదూర్చదమ్మా."

అయినా అక్క ఫిర్యాదు పెట్టింది. రెప్పపాటులో జవాబు వచ్చింది: "మీ ఫిర్యాదు అందింది. మీ భద్రతే మా ప్రాణం." మరు నిమిషం ఇంకో మెయిలు వచ్చింది. రెండో పేరు కొంటే మూడోది సగం ధరకట. అక్క రెండూ చదివి చెల్లెలికి ఫోన్ చేసింది. ఆవిడ అరిచి ఉంటే చెల్లెలికి కొంత హాయిగా ఉండేది. ఆవిడ అరవలేదు.

"నా పేరు ఎవడికో అమ్మేటప్పుడు మీవాళ్ళు నన్ను అడగలేదు. ఆపమంటే మాత్రం నేను నేనేనా అని నన్నే అడుగుతున్నారు. నువ్వు అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావే?"

టీచరు గారి పిల్లి ఫొటో క్లినిక్కు తలుపు మీద ఎవరో అంటించి వెళ్ళారు. దాని కింద ఏమీ రాయలేదు. అక్కకు ఫోన్ చేయాలంటే చెల్లెలికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

కనీసం అసలు సైటైనా తెరిపిద్దామని ఆమె మళ్ళీ క్లాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఇది ఫిర్యాదు కాదు, పేరు మార్పిడి, కాబట్టి అడ్డేమీ లేదు.

"యజమాని సమ్మతి కావాలి" అన్నారాయన.

"ఆయన పోయారండీ."

క్లాజు గారు లేచి నిలబడ్డారు. నిజంగానే మొహం చిన్నబోయింది. "అయ్యో. దగ్గరివాళ్ళా?"

"ఇంట్లో మనిషిలాగే."

"మరణ ధ్రువపత్రం ఉందా? అర్హత ఉన్న డాక్టరు సంతకంతో?"

అర్హత ఉన్న డాక్టరు! అంతకంటే అర్హత ఉన్న డాక్టరు ఆ ఊళ్ళో ఎవరున్నారు? అక్క ఆ సాయంత్రమే తన క్లినిక్కు కాగితం మీద రాసి సంతకం పెట్టింది. బూచి, మగ, వృద్ధాప్యం వల్ల, నిద్రలో, కుటుంబసభ్యుల మధ్య. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మొత్తం వ్యవహారంలో ఒక్క కొర్రీ కూడా పడకుండా ఆమోదం పొందిన కాగితం అదొక్కటే. అసలు సైటు తెరుచుకుంది. "బూచి గారి మృతికి మా ప్రగాఢ సంతాపం" అని కంపెనీ లెటర్‌హెడ్ మీద క్లాజు గారు స్వయంగా రాసి పంపారు. బావ దానికి ఫ్రేము కట్టించాడు.

ఇప్పుడు అసలు తోకా నడుస్తోంది, దొంగ తోకా నడుస్తోంది. మాత్రలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇంతలో సహకార సదస్సు వచ్చింది. చట్టం ఎలా అమలవుతోందో మాట్లాడుకోవడానికి పేర్లమ్మేవాళ్ళు, మెషిన్లు అద్దెకిచ్చేవాళ్ళు, లాయర్లు, చట్టం చూసుకునే శాఖవాళ్ళు అందరూ ఒక పెద్ద హోటలు హాల్లో కలిశారు. వేదిక వెనక "సహకారమే భద్రత" అని ఈ గోడనుంచి ఆ గోడదాకా బ్యానరు. ఒక్కొక్కరే లేచి తమ కంపెనీ ఎంత సహకరిస్తోందో అంకెలతో చెప్పారు. అందిన ఫిర్యాదులకు నూటికి నూరు శాతం జవాబిచ్చామని ఫిర్యాదులమ్మ కంపెనీ తరఫున క్లాజు గారు చెబితే చప్పట్లు కొట్టారు. జవాబు అన్నారు గానీ పరిష్కారం అనలేదు చూడండి, అదీ ఆయన నిజాయితీ!

టీ విరామంలో ఫిర్యాదులమ్మ కప్పు పట్టుకుని ఒక మూల నిలబడింది. పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆ గొంతు ఆమెకు తెలుసు! మెషిన్ల హోరు లేకపోయినా తెలుసు. తిరిగి చూస్తే పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకున్న పెద్దాయన. మెడలోని కార్డు మీద అవతలి కంపెనీ పేరుంది. ఇన్నేళ్ళూ ఆమె ఊహలో ఆయన ఆరడుగుల మనిషి.

"బాబాయ్?" అంది నమ్మలేక.

ఆయన మొహం వెలిగింది. మరుక్షణమే బెదురుగా అటూ ఇటూ చూశాడు. "నువ్వేనా తల్లీ? మనం మాట్లాడుకోకూడదమ్మా. మా లాయరు అక్కడే ఉన్నాడు, వడలు తింటున్నాడు."

తమ క్లాజు గారూ అక్కడే ఉన్నారని ఆమెకు గుర్తొచ్చింది. గోడవైపు తిరిగింది. అలిగిన కోడలు అత్తకు వినబడాలని గిన్నెలతో మాట్లాడినట్టు, గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏం చెప్పుకోను గోడా! మా అక్క క్లినిక్కు పేరుకు ఎవడో తోక తగిలించాడు. విషం లాంటి మాత్రలు అమ్ముతున్నాడు. ఒక పిల్లి చచ్చిపోయింది."

బాబాయ్ కూడా గోడవైపు తిరిగాడు. "గోడా, ఆ సైటు ఎవరి మెషిన్ల మీదుందో ఎవరికైనా తెలుసా?"

"మీ... అదే, పొట్టి పెద్దాయన ఒకాయన ఉంటాడే, ఆయన మెషిన్ల మీదే ఉంది గోడా. అభ్యర్థన పంపి ఎన్నాళ్ళైందో!"

"నా దాకా రానివ్వలేదు గోడా! నా దాకా వస్తే నేను..." పెద్దాయన చెయ్యి జేబులోని స్క్రూడ్రైవరు మీదికి వెళ్ళింది.

"మీరిద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. బిస్కెట్ల ప్లేటు పట్టుకుని ఒక అమ్మాయి. చట్టం చూసుకునే శాఖలో అధికారి. పొద్దున ప్రారంభోపన్యాసం ఆవిడదే.

"గోడతో మేడమ్" అన్నాడు బాబాయ్.

"గోడతో ఎందుకండీ?"

"మీ చట్టం ఉంది కదా."

"మా చట్టమా?" ఆవిడ ప్లేటు బల్ల మీద పెట్టేసింది. "మీరు మాట్లాడుకోవాలనే కదండీ ఆ చట్టం! మోసం కనబడితే వెంటనే ఒకరికొకరు చెప్పుకోండి, ఆపండి, తర్వాత ఒక ముక్క రాసి పెట్టుకోండి అన్నాం. ఫోన్ చేసుకోవద్దని మేమెప్పుడన్నాం?"

అల్లికల బామ్మ, సైకిలాయన, గార్డు అరచేతిలో కుక్క తల, తలుపు మీద పిల్లి ఫొటో, ఒకదాని వెనక ఒకటి ఫిర్యాదులమ్మ కళ్ళముందు తిరిగాయి. ఈలోగా గోల విని క్లాజు గారు వచ్చారు.

"మేడమ్, అది చట్టం ఉద్దేశం" అన్నారు వినయంగా. "మాది జాగ్రత్త."

"ఏమైనా చేస్తే ఎవరైనా కేసు వేస్తారేమోనన్న జాగ్రత్తా?"

"అవునండీ. ఏమీ చేయకపోతే ఇంతవరకూ ఎవరూ వేయలేదు."

బాబాయ్ ఇంక ఆగలేదు. అందరిముందే జేబులోంచి ఫోను తీశాడు. వడలు తింటున్న లాయరు చేయి ఎత్తి పరుగెత్తుకొచ్చేలోపే తన కుర్రాళ్ళకు చెప్పేశాడు. "అవున్రా, చివర అక్షరం ఎక్కువున్నది. నేను చెబుతున్నాను కదా, పీకెయ్!"

ఫిర్యాదులమ్మ తన కప్పు నోటికి ఆనించుకుంది. టీ ఇంకా వేడిగానే ఉంది. ఆవిరి వల్లో మరెందువల్లో కళ్ళు చెమర్చాయి. అక్కకు ఫోన్ చేసింది. "చూడక్కా, ఉందా?" అటునుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత "పోయిందే" అని, ఫోను పెట్టేసేముందు "తిన్నావా?" అని వినబడింది. వాళ్ళ కుటుంబంలో క్షమించడమంటే అదే.

కథ ఇక్కడితో అయిపోతే నేను కూడా ఈ చట్టాన్ని అనవసరంగా ఇంత పొగిడానే అని బాధపడేవాణ్ణి. కానీ మంచి కంపెనీలు కథను సగంలో వదిలిపెట్టవు.

వారం తిరక్కుండా ఫిర్యాదులమ్మకు ప్రమోషన్ ఇచ్చారు. అనధికారంగా పని పూర్తి చేయించినందుకు శిక్షిస్తే ఆ శాఖ అమ్మాయి అడుగుతుందేమోనని, అమ్మకాల హాల్లోకి మార్చారు. కిటికీ పక్కన కుర్చీ, మంచి కాఫీ. ఫిర్యాదుల గదిలోకి ప్రింటర్‌ను జరిపారు. ఫిర్యాదులకు ఇప్పుడు మనిషి అవసరం లేదు, జవాబు తనంతట తానే వెళ్ళిపోతుంది. అంకెల్లో ఎక్కడా తేడా రాలేదు.

కొత్త కుర్చీలో మొదటి వారమే ఒక ఫోన్ వచ్చింది. అమ్మకాల హాల్లో ఫోన్లు ఉంటాయి. అన్నీ పనిచేస్తాయి.

ఎంతో మెత్తటి గొంతు. "మేడమ్, తోక అనే పేరుకు చివర రెండక్షరాలు ఎక్కువ పెట్టి ఒకటి కావాలి."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. "ఎవరి పేరు మీదండీ?"

అతను వాళ్ళక్క పేరు చెప్పాడు. ఇంటిపేరుతో, డిగ్రీతో, లైసెన్సు నంబరుతో. అక్క కూడా అంత స్పష్టంగా చెప్పలేదు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి మేడమ్, ఇప్పుడే పంపమంటారా అని కూడా అడిగాడు.

ఫిర్యాదులమ్మ హాలంతా ఒకసారి చూసింది. ఎదురుగా ఇత్తడి గంట. పక్కన క్లాజు గారు కాఫీ పోసుకుంటున్నారు.

"స్టాకు లేదండి" అంది.

"పేరుకు స్టాకేంటి మేడమ్?"

"అయిపోయిందండి. తోకకు తోకలన్నీ అయిపోయాయి. ఇక రావు కూడా."

ఫోను పెట్టేసింది. ప్రాణం కుదుటపడింది. ఇంత తేలికా, అనుకుంది. ఎవరికీ రాయక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అమ్మకుండా ఉంటే చాలు!

ఆ మెత్తటి గొంతు ఊరుకుంటుందా? కంపెనీ మీద ఫిర్యాదు పెట్టింది. డబ్బిచ్చి కొంటానన్నా పేరు అమ్మలేదని.

అప్పుడు చూడాలి! అమ్మకాల మేనేజరు గాజుగదిలోంచి పరుగున వచ్చాడు. ఫోనందుకున్నాడు. ఫోనే! తన సొంత గొంతుతో, "సార్, జరిగినదానికి ఎంతో చింతిస్తున్నాం సార్" అని మూడుసార్లు అన్నాడు. మీరెవరని అడగలేదు, రుజువేంటని అడగలేదు. ఇది ఏ మార్గం కిందికి వస్తుందని క్లాజు గారు కూడా అడగలేదు. చేతిలో కప్పు చల్లారిపోతుంటే ఆయన అలా కిందికి చూస్తూ నిలబడ్డారు. రెండక్షరాల పేరు మెత్తటి గొంతుకు అక్కడికక్కడే, ఆలస్యానికి పరిహారంగా ఉచితంగా, ఇచ్చేశారు. గంట కొట్టారు.

ఫిర్యాదులమ్మ సంచి తీసుకుని మెట్ల దగ్గరికి నడిచింది. అక్కడినుంచి బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"చెప్పు తల్లీ" అన్నాడాయన. "ఈసారి ఎన్ని అక్షరాలు?"

కాబట్టి పాఠకులారా, ఇంటర్నెట్‌లో మీ పేరును ఎవడైనా దొంగిలిస్తే చట్టాన్ని తిట్టకండి. పాపం, దాన్ని అమలు చేసేవాళ్ళెవరూ చదివినట్టు లేదు. ఫిర్యాదుల విభాగానికి రాసి ప్రింటర్‌ను ఇబ్బంది పెట్టకండి. తిన్నగా అమ్మకాల హాలుకు ఫోన్ చేయండి. మీరే ఆ దొంగనని చెప్పండి. ఇంకో పేరు కొందామంటే మీవాళ్ళు అమ్మడం లేదని గట్టిగా అరవండి.

మనిషి పలుకుతాడు!